రెండు పొయ్యిల ఇల్లు

పర్సుడీహ్, జంషెడ్‌పూర్
6 అక్టోబరు 2024

రోహిణి వదినకి,

హిమబిందు రాస్తున్నాను. ముందుగా నా అక్షరాలకీ, తప్పులకీ మన్నించండి. ఐదో తరగతితో బడి మానేశాక కిరాణా చీటీలు తప్ప మరేమీ రాయలేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో చాలాచోట్ల అనుమానమే. గీతల్లేని కాగితం కావడంతో వరసలు కిందికి జారిపోతున్నాయి. అర్థం కాకపోతే వేరేవాళ్ల చేత చదివించుకోకుండా మీరే ఇంకోసారి చదవండి.

ఫోన్ చేయవచ్చు కదా అనుకుంటారు. ఫోన్ మీ తమ్ముడి దగ్గర ఉంటుంది. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు అత్త కూడా ఇంట్లోనే ఉంటారు. ఉన్నది ఒకటే గది. పైగా ఫోన్‌లో "బాగున్నారా వదినా" అన్న తర్వాత నాకు మాట రాదు. పెళ్లయినప్పటి నుంచీ మీతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఈ కాగితంలో సగం నిండదు.

విషయానికి వస్తాను. మురికి కాలువ పక్కనున్న మన బస్తీని తీసేస్తారట. ఊరి చివర నాలుగంతస్తుల క్వార్టర్లు కట్టారు. బస్తీలో ఉంటున్నవాళ్లకి వాటిని ఇస్తారు. దానికోసం ఇంటింటికీ సర్వే జరిగింది. ఆ సర్వేలో ఇళ్లు లెక్కపెట్టరు, మనుషుల్ని లెక్కపెట్టరు, పొయ్యిల్ని లెక్కపెడతారు. ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం. ఒక కుటుంబానికి ఒక క్వార్టరు. అందులో భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు మాత్రమే ఉండాలి. కన్నతల్లి ఆ కుటుంబంలోకి రాదు. కానీ భర్త పోయిన ఆడమనిషి విడిగా వండుకుంటూ ఉంటే ఆమెకి విడిగా ఒక క్వార్టరు ఇస్తారు.

ఇదంతా బస్తీ కాగితాల పని చూసే బంగార్రాజు గారు చెప్పారు. "ఒరే సుమన్, ఒకే పొయ్యుంటే మీ యమ్మ రోడ్డు మీద పడతాది. రెండుంటే మీకో గూడు, దానికో గూడు. ఏటి, బుర్రకెక్కిందా నేదా?" అని మీ తమ్ముడితో అన్నారు.

మీ తమ్ముడు డ్యూటీకి వెళ్తూ, గది అవతలి మూల ఇంకో పొయ్యి వేయమని నాతో చెప్పారు. అత్త మినపప్పుకి బజారుకి వెళ్లి ఉన్నారు. నేను ఇటుకలు పెట్టి, మట్టి మెత్తి, కొత్తదని తెలియకుండా అందులో బూడిద కూడా పోసి, బియ్యం ఎక్కించాను. సర్వేవాళ్లు, అత్త ఒకేసారి గుమ్మంలోకి వచ్చారు. "దో చూల్హా?" అని, రెండు పొయ్యిలా అని వాళ్లు అడిగారు. నేను తల ఊపాను. అత్త సంచీతో అక్కడే నిలబడి ఆ రెండు పొయ్యిలనూ చూశారు. "ఎప్పుడు పెట్టీసినావే?" అని అడిగారు. కొత్త మగవాళ్ల ఎదుట నా నోరు పెగల్లేదు. అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది.

వాళ్లు వెళ్లగానే ఆవిడ తన గిన్నె, తన బియ్యం పాత పొయ్యి దగ్గరికి జరుపుకున్నారు. అప్పటినుంచీ విడిగానే వండుకుంటున్నారు. డ్యూటీ నుంచి వచ్చి మీ తమ్ముడు సర్వే సంగతి మొత్తం చెప్పారు. ఆవిడ విన్నారు. "సర్కారోడు అడిగినాడని యేరు పెట్టినావు. రేపు సర్కారోడు పొమ్మనమంటే పొమ్మంటావు" అన్నారు.

మన ఇళ్లల్లో కొడుకు పొయ్యి వేరు చేశాడంటే తల్లిని వదిలేశాడనే అర్థం. ఆయన వదలలేదు. మీ మాట ఆవిడ వింటారు. మీరు చెప్పండి.

మాట్లాడటం కన్నా రాయడం తేలిగ్గా ఉంది. ఉంటాను.

మీ మరదలు
హిమబిందు


కాశీబుగ్గ
21 అక్టోబరు 2024

హిమబిందుకి,

వదిన దీవెనలు. నీ అక్షరాలకేం, బాగానే ఉన్నాయి. జీడిపిక్కల రసానికి నల్లబడిన నా వేళ్లతో నేను రాసిందే ఎవరికీ అర్థం కాదు.

నీ ఉత్తరం కన్నా ముందే కబురు వచ్చింది. సీతారామరావు చిన్నాన్న టాటానగర్‌లో రైలెక్కి ఇక్కడికి ఏదో పెళ్లికి వచ్చాడు. నేరుగా మా జీడిపిక్కల బట్టీ దగ్గరికే వచ్చి, పప్పు వలిచే ఆడవాళ్లందరి ముందూ చెప్పాడు. "మీ సుమన్‌గాడు తల్లిని యేరెట్టీసినాడమ్మా. ముసిల్ది ఓ మూల పొయ్యూదుకుంటంది, ఆలుమగలు ఓ మూల. సూళ్లేక వొచ్చీసినాను" అన్నాడు. కల్పన అనే పిల్ల నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఎవరో చచ్చిపోయిన కబురు విన్నట్టు అందరూ నన్ను చూశారు.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నువ్వు చెప్పినట్టే ఇంకోసారి చదివాను. సర్వే, పొయ్యిల లెక్క, బంగార్రాజు మాట, అన్నీ ఉన్నాయి. కానీ ఒకటి లేదు. సర్వేవాళ్లు చూసి వెళ్లిపోయారు కదా, మరి నీ పొయ్యి ఇంకా ఎందుకు వెలుగుతోంది?

తప్పుగా అనుకోకు. నువ్వు మాట్లాడని పిల్లవి. మాట్లాడనివాళ్ల మనసులో ఏముందో ఎదుటివాళ్లు ఊహించుకోవాల్సిందే. నాకు తోచింది నేను ఊహించుకున్నాను.

అమ్మకి ఫోన్ చేశాను. "నాకేటి, బాగున్నాను. నా గింజలు నాను వొండుకుంటన్నాను. ఎవుర్నీ ఏటీ అనకు" అని పెట్టేసింది. నాన్న పోయినప్పుడు కూడా ఆ గొంతుతో మాట్లాడలేదు.

ఇక్కడ వానలు తగ్గాయి. స్లాబు మీద పగులు కనిపిస్తే సిమెంటు పూయించాను. ఈసారి కారలేదు. ఆ సంగతి సుమన్‌తో చెప్పు.

రోహిణి


పర్సుడీహ్
9 నవంబరు 2024

వదినకి,

మీ ఉత్తరం అందింది. మీరు అడిగినదానికి జవాబు రాస్తాను.

సర్వేవాళ్లు మళ్లీ వస్తారని బంగార్రాజు గారు చెప్పారు. చెప్పకుండా వస్తారట. వెనక వీధిలో ఇలాగే రెండు పొయ్యిలు చూపించి, తర్వాత ఒకటి తీసేసినవాళ్ల పేరు కొట్టేశారు. అందుకని మొదట్లో వెలిగించాను. తర్వాత వేరే కారణం వచ్చింది. నా పొయ్యి ఆర్పేస్తే అత్త మాతో తింటారని అనుకుని, ఒకరోజు వెలిగించకుండా ఆవిడ పొయ్యి పక్కన వెళ్లి కూర్చున్నాను. ఆవిడ కూర కలియబెడుతూ, "ఏటే, పొయ్యి ఆరిపోనాదా? అగ్గిపెట్టి కావాలా?" అని నా చేతిలో అగ్గిపెట్టె పెట్టారు. తీసుకుని లేచి వచ్చాను. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు.

మీ తమ్ముడి పరిస్థితి మీకు చెప్పాలి. తల్లి వడ్డిస్తే కాదనలేరు, నేను వండింది వదలలేరు. డ్యూటీ నుంచి రాగానే ఆ మూలలో ఒక కంచం, ఈ మూలలో ఒక కంచం. ప్యాంటు బిగుతైంది. ప్లాంటులో తోటివాళ్లు "క్యా సుమన్, దో-దో శాదీ?" అని, రెండు పెళ్లిళ్లా అని నవ్వుతున్నారట. ఆయన కూడా వాళ్లతో పాటు నవ్వేస్తారు. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటారు.

అత్త ఇడ్లీలు అమ్మడం మానలేదు. పొద్దున్నే కాంట్రాక్టు కూలీలు వచ్చి వాకిట్లో నిలబడతారు. పిండి ఇప్పటికీ నేనే రుబ్బుతున్నాను. అది మాత్రం వద్దనలేదు. కానీ రుబ్బి గిన్నె అందిస్తుంటే పక్కింటామెతో "మా యింటికి పనికొచ్చిన పిల్ల మంచిదే, కూలెంతో అడగలేదు" అన్నారు. పక్కింటామె నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూసింది. నేను గిన్నె పెట్టేసి వచ్చాను.

మాట్లాడనివాళ్ల మనసులో ఏముందో ఊహించుకోవాలని రాశారు. నా మనసులో ఉన్నది ఇదే. బస్తీ తీసేసిన రోజున ఈ ముగ్గురూ తలదాచుకునే చోటు ఉండాలి. అంతకు మించి ఏమీ లేదు. ఉంటే రాసేదాన్ని. మీకు రాయడానికి నాకు సిగ్గు లేదు.

సర్వేవాళ్లు మళ్లీ వచ్చారు. రెండు పొయ్యిలూ వెలుగుతున్నాయి. అత్త తన పొయ్యి ముందు కూర్చుని, వాళ్లు అడగకముందే "హమారా అలగ్ హై" అని, మాది వేరు అని చెప్పారు. వాళ్లకి నమ్మకం కలిగింది. అంత నిజంగా నేను చెప్పలేను.

స్లాబు సంగతి ఆయనకి చెప్పాను. సంతోషించారు.

హిమబిందు


కాశీబుగ్గ
1 డిసెంబరు 2024

హిమబిందుకి,

నీ జవాబు చదివాను. సగం కోపం తగ్గింది. మిగతా సగం అమ్మని కళ్లతో చూస్తే గానీ తగ్గదు. రెండు కంచాల సంగతికి మాత్రం నవ్వొచ్చింది. వాడు చిన్నప్పుడు కూడా అంతే. నేను పెట్టినా తినేవాడు, అమ్మ పెట్టినా తినేవాడు, ఇద్దరికీ "ఇంకా తిన్లేదు" అని చెప్పేవాడు.

ఇక్కడ ఒక విశేషం జరిగింది. సచివాలయం నుంచి స్మిత అనే అమ్మాయి వచ్చింది. సుమన్ ఆధార్ అడ్రసు ఇంకా ఇక్కడిదే కదా. మీ టాటా నుంచి ఏదో విచారణ వచ్చిందట. ఇంటి ముందు నిలబడి ఫొటో తీసుకుని, "ఈ స్లాబు ఇల్లు ఎవరిదక్కా?" అని అడిగింది.

హిమబిందూ, ఈ ఇల్లు ఎవరు కట్టించారో నీకు తెలుసు. మా ఆయన పోయాక నేను ఇక్కడికి తిరిగి వచ్చేటప్పటికి ఇక్కడ ఉన్నది మట్టిగోడలే. బట్టీలో పిక్కలు కొట్టి, కొట్టి, ఒక్కో గోడా లేపుకున్నాను. ఊరికీ తెలుసు. అయినా పుట్టింటి గడపలో నిలబడి ఇది నాది అని ఏ ఆడపిల్ల అంటుంది? అలా అంటే, తమ్ముడు లేనిదనో, తమ్ముడితో తెంచుకున్నదనో అనుకోరా? "మా తమ్ముడిదమ్మా. నాను ఉంటన్నాను, అంతే" అన్నాను. ఎదురింటి వాళ్లకి వినిపించేట్టు ఇంకోసారి చెప్పాను. "నా తమ్ముడు టాటాలో ఉన్నాడు, ఈ ఇల్లు ఆడిది."

ఆమె రాసుకుని వెళ్లింది. మీరు ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లని అక్కడి ఆఫీసువాళ్లకి తెలుస్తుంది. దిక్కులేనివాళ్లని చిన్నచూపు చూడరు. సీతారామరావు చిన్నాన్న ఏమన్నా, నేను మాత్రం మీ పరువు ఇలా నిలబెట్టాను. సుమన్‌తో చెప్పు, అక్క ఇలా అంది అని.

చలికాలం కదా, అమ్మ మోకాళ్లకి ఆవనూనె రాయి. నువ్వు రాస్తే వద్దంటే వాడి చేత రాయించు.

రోహిణి


పర్సుడీహ్
16 ఫిబ్రవరి 2025

వదినకి,

ఆలస్యానికి మన్నించండి. మీ ఉత్తరం అందిన రోజు దాన్ని ఆయనకి చదివి వినిపించాను. విని చొక్కా వేసుకుని బయటికి వెళ్లిపోయారు. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

పేర్లు బడి గోడకి అంటించారు. అత్త పేరు ఉంది. జగదాంబ, భర్త కీర్తిశేషుడు ధర్మరాజు, రెండో అంతస్తు. మా పేరు కొట్టేసినవాళ్లలో ఉంది. పక్కన కారణం రాశారు. సొంత ఊరిలో పక్కా ఇల్లు ఉంది అని. దేశంలో ఎక్కడైనా సరే, భార్యాభర్తల్లో ఎవరి పేరు మీదైనా పక్కా ఇల్లు ఉంటే క్వార్టరు ఇవ్వరు. అది నియమం.

బంగార్రాజు గారు గోడ దగ్గరే, అందరూ వినేట్టు, "పొయ్యిలు పెట్టి తెచ్చుకున్నదాన్ని మీ యప్ప ఒక్క మాటతో పోగొట్టీసింది రా" అని మిమ్మల్ని అన్నారు. మీ తమ్ముడికి ఎప్పుడూ రాని కోపం వచ్చింది. "అప్పనేటీ అనకండి. ఆ ఇల్లు తమ్ముడిదని సెప్పుకోడమే ఊళ్లో అప్పకున్న పెద్దరికం. దాన్నెట్టా తీసీమంటాను?" అన్నారు. మీకు రాయవద్దని నాకు చెప్పారు. రాయకపోతే మీరు ఇంకేదో ఊహించుకుంటారని రాస్తున్నాను.

మార్చి ఆఖరుదాకా అభ్యంతరం చెప్పుకోవచ్చట. ఆ ఇల్లు మీదే, ఆయనకి హక్కు లేదు అని అక్కడినుంచి కాగితం వస్తే మా పేరు మళ్లీ చూస్తారు. అడగడం తప్పో కాదో నాకు తెలియదు. అడుగుతున్నాను.

అత్తకి ఈ సంగతి చెబితే, "నాకొచ్చింది కదా" అన్నారు. కాసేపయ్యాక, "మీరెక్కడికెల్తారు?" అని అడిగారు. కొత్త క్వార్టర్లో పేరున్న మనిషి తప్ప వేరేవాళ్లు ఉండకూడదు. ఉన్నట్టు కనిపిస్తే రద్దు చేస్తారు. మేము వేరు కుటుంబమని రెండుసార్లు మేమే చూపించుకున్నాం. మీ తమ్ముడు అద్దె గదుల కోసం తిరుగుతున్నారు. సోనారి వైపు అడిగితే వాళ్లు చెప్పే అద్దెకి ఆయన జీతం మొత్తం సరిపోతుంది.

ఇంకొకటి రాయాలి. ఎలా రాయాలో తెలియక ఆఖర్న పెట్టాను. నాకు నాలుగో నెల. అత్తకి నేను చెప్పలేదు, ఆవిడే కనిపెట్టారు. పిండి గిన్నె నా చేతిలోంచి లాక్కుని "రుబ్బింది సాలు" అన్నారు. ఇప్పుడు ఆవిడే రుబ్బుకుంటున్నారు. ఇంకా మాట్లాడటం లేదు.

హిమబిందు


కాశీబుగ్గ
10 మార్చి 2025

హిమబిందుకి,

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మనసు విరిగిపోయింది. నిజం చెబుతున్నాను. ఇల్లు నాది అని కాగితం రాసుకో, తమ్ముడికి ఏమీ లేదు అని రాసుకో అంటే, పుట్టింటితో నీకు చెల్లు అన్నట్టే వినిపించింది. నిన్ను తిట్టుకున్నాను. బట్టీలో ఆ కోపం పిక్కల మీద చూపించాను. కల్పన "ఏటక్కా, ఎవులేటన్నారు?" అని అడిగితే దాన్నీ కసురుకున్నాను.

ఆఖర్న ఉన్న మాట అప్పటికి చదవలేదు. కాగితం రెండో వైపు ఉంది. సాయంత్రం తిప్పి చూశాను. మర్నాడు బట్టీ మానేసి సచివాలయానికి వెళ్లాను.

స్మిత మంచిపిల్ల. కుర్చీ వేసింది. "ఆ రోజు మా తమ్ముడిది అన్నాను కదా, అది తప్పమ్మా. ఇల్లు నాది, నా కష్టంతో కట్టించినాను" అని చెప్పాను. హిమబిందూ, ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. ఆమె కంప్యూటర్లో చూసింది. స్థలం నాన్న పేరు మీదే ఉందట. ఆయన పోయాక అమ్మకి, సుమన్‌కి, నాకు ముగ్గురికీ వస్తుందట. "స్లాబు నేను వేయించానమ్మా" అన్నాను. "స్లాబు రికార్డులో ఉండదక్కా, స్థలమే ఉంటుంది" అంది. నా పేరుకి మారాలంటే అమ్మా సుమనూ ఇక్కడికి వచ్చి సంతకాలు పెట్టాలి, సర్వేయరు రావాలి, రిజిస్ట్రేషను జరగాలి. మార్చిలో కాదు కదా, వానాకాలానికి కూడా తెమలదు. "ముందు చెప్పింది కొట్టేసి ఇప్పుడు చెప్పింది రాయకూడదా?" అని అడిగాను. ఒకసారి పంపింది వెనక్కి రాదంది.

ఇది నాది కాదు అన్నప్పుడు వెంటనే రాసుకున్నారు. నాది అన్నప్పుడు రాసుకునేవాళ్లు లేరు. ఇంటికి వచ్చి గడప మీద కూర్చున్నాను. ఎదురింటివాళ్లు ఏమయిందని అడిగారు. ఏమీ లేదన్నాను.

నా వల్ల ఇలా జరిగింది. నువ్వు అలా రాయలేదు, అయినా జరిగింది నా వల్లే.

నీకు తల్లి లేదు. తొలి కాన్పుకి వెళ్లడానికి పుట్టిల్లూ లేదు. అందుకని జూలైలో నేనే వస్తాను. కారప్పొడీ, పథ్యం మందులూ నేను తెస్తాను. అమ్మ క్వార్టర్లో ఉంటాను. కూతురు తల్లి దగ్గర నాలుగు రోజులు ఉంటే ఎవరూ కాదనరు కదా. నువ్వు ఎక్కడ ఉంటే అక్కడికి రోజూ వచ్చి చూసుకుంటాను. బరువులు ఎత్తకు.

రోహిణి


జంషెడ్‌పూర్
22 జూన్ 2025

వదినకి,

ఈ ఉత్తరం పొడుగవుతుంది. పైన బస్తీ పేరు రాయలేదు, చూశారా. బస్తీ ఇప్పుడు లేదు. మే నెలలో మిషన్లు వచ్చాయి. అందరూ ముందే సామాను బయట పెట్టుకోవడంతో గొడవ కాలేదు. మన గది గోడ ఒక్క తోపుకే పడిపోయింది. రెండు పొయ్యిలూ మట్టిలో కలిసిపోయాయి. మీ తమ్ముడు పక్కకి తిరిగి ట్రాలీకి తాళ్లు బిగించుకున్నారు.

అద్దె గది దొరకలేదు. ట్రాలీ మీద అత్త సామానూ మా సామానూ కలిసే ఉన్నాయి. ఎక్కడికి తోలాలో తెలియక ట్రాలీవాడు నిలబడి ఉంటే, అత్త ముందు ఎక్కి కూర్చుని, "ఏటలా సూత్తన్నారు? ఎక్కుతారా నేదా?" అన్నారు. ఎక్కాం.

క్వార్టరు బాగుంది. ఈ మెట్ల మీద ఉన్నవాళ్లంతా వేరే బస్తీల నుంచి వచ్చినవాళ్లే, మమ్మల్ని ఎరిగినవాళ్లు లేరు. గది, వంటకి చిన్న మూల, కుళాయి. మెట్ల దగ్గర నియమాలు అంటించారు. పేరున్నవాళ్లు తప్ప ఎవరూ ఉండకూడదు. బొగ్గు పొయ్యి వెలిగించకూడదు. లోపల వ్యాపారం చేయకూడదు. అందుకని అత్త ప్రహరీ గోడ బయట బల్ల వేసుకుని ఇడ్లీలు అమ్ముతున్నారు. పాత కూలీలు ఇంత దూరం రారు. కొత్తవాళ్లు ఒక్కొక్కరే అలవాటు పడుతున్నారు. వంట గ్యాసు మీద, ఒకటే పొయ్యి. ఇక్కడ రెండు కనిపిస్తే రెండు కుటుంబాలని పట్టుకుంటారు. అత్త వండుతారు, నాకు కంచం జరుపుతారు. మాట మాత్రం లేదు.

మీ తమ్ముడూ నేనూ ఎవరికీ కనిపించకుండా ఉండేవాళ్లం. ఆయన చీకటితో వెళ్లి చీకటితో వచ్చేవారు. నేను గుమ్మం దాటేదాన్ని కాదు. నాకు అది కష్టం కాలేదు. కానీ ఎదురు క్వార్టరు బిందుప్రియకి మా బట్టలు కనిపించాయి. ఆమె మంచిదే, ఎవరితో అందో తెలియదు. పోయిన వారం ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు.

చెప్పులు విప్పి మరీ లోపలికి వచ్చాడు. నేను లేవలేక లేచి నిలబడ్డాను. ఇప్పుడు నాకు ఎనిమిదో నెల నిండుతోంది. "యే కౌన్ హై?" అని, నేనెవరని అత్తని అడిగాడు. పనిమనిషిని అని చెప్పేద్దామని అనుకున్నాను. ఆ మాట హిందీలో మనసులో సిద్ధం చేసుకున్నాను కూడా. ఎప్పట్లాగే నోరు రాలేదు.

అత్త ఇడ్లీ రేకులు కడుగుతున్నారు. చేతులు కొంగుకి తుడుచుకుంటూ లేచి, "బేటీ హై. మాయ్కే ఆయీ హై" అన్నారు. కూతురు, పుట్టింటికి వచ్చింది అని.

ఆయన నా వైపు చూసి తల ఊపాడు. కాన్పుకి తల్లి దగ్గరికి వచ్చిన కూతురిని ఏ నియమమూ లెక్కపెట్టదని నాకు అప్పుడే తెలిసింది. "నామ్?" అన్నాడు. అత్త నా వైపు చూడనైనా లేదు. "రోహిణి" అన్నారు. ఆయన రాసుకున్నాడు. "కబ్ తక్ రహేగీ?" అని, ఎన్నాళ్లు ఉంటుందని అడిగితే అత్తకి కోపం వచ్చింది. హిందీ మర్చిపోయి, "ఎప్పుడెల్తాదో నన్నడుగుతావేటి? నీ సెల్లెలు పురిటికొత్తే ఎప్పుడెల్తావే అని అడిగినావా?" అన్నారు. ఆయనకి అర్థం కాలేదు, కానీ మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

తలుపు వేసి అత్త నా వైపు తిరిగారు. "ఏటి సూత్తన్నావు? పడుకో. కూతుళ్లు మాయ్కాలో నిలబడరు" అన్నారు. పోయిన అక్టోబరు తర్వాత ఆవిడ నాతో అన్న పెద్ద మాట అది. పడుకున్నాను.

ఇప్పుడు మెట్ల మీదంతా నేను రోహిణినే. మీ తమ్ముడు అల్లుడైపోయారు. ఆయన వస్తుంటే కింది ఇంటి ఆడవాళ్లు దారి ఇస్తున్నారు. అత్త తలుపు తీసి, పక్కవాళ్లు వినేట్టు "అల్లుడుగారు, కాళ్లు కడుక్కోండి" అంటున్నారు. లోపలికి వచ్చాక "అమ్మా, సాలమ్మా" అని ఆయన మొత్తుకుంటే, "అల్లుడు అత్తని అమ్మా అంటాడేటి?" అని నవ్వుతున్నారు. ఆవిడ నవ్వి చాలా నెలలైంది. కాన్పు అయ్యాక ఎన్నాళ్లు ఇలా చెల్లుతుందో తెలియదు. పుట్టిన బిడ్డకి ఇక్కడ ఎవరి పేరు చెప్పాలో కూడా తెలియదు. మీ తమ్ముడు మళ్లీ గది వెతుకుతున్నారు.

అసలు సంగతి ఇది. మీరు జూలైలో వస్తానన్నారు. అత్తకి కూతురు రోహిణి ఒక్కతే కదా, ఆ పేరే ఆఫీసు మనిషి రాసుకున్నాడు. ఆ కూతురు ఇప్పుడు నేను. మీరు వచ్చి మీ అమ్మ ఇంట్లో కూతురినని చెప్పుకుంటే మేము ముగ్గురం మళ్లీ ట్రాలీ ఎక్కాల్సిందే. రావద్దని రాయడానికి చేయి ఆడలేదు. మీ ఇల్లు కూడా మీరు తమ్ముడిదే అని చెప్పుకున్నారు. ఇప్పుడు తల్లి దగ్గర మీ పేరూ నేనే తీసుకున్నాను. అత్తని అడిగితే, "అది వొత్తాది. దానికి నాను సెప్తాను. కోడల్ని అని వొత్తాది" అన్నారు. కోడలు నాలుగు రోజులు అత్తని చూసి వెళ్లడానికి వస్తే ఎవరూ అడగరట. మెట్ల మీద ఎవరైనా పలకరిస్తే హిమబిందు అని చెప్పండి. ఆ పేరు మీకు ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు. పేరు అడిగి వదిలేస్తారు, హిమబిందు ఎక్కువ మాట్లాడదని వాళ్లకి అత్త ముందే చెప్పి పెట్టారు.

పథ్యం మందులు మర్చిపోకండి. మోకాళ్ల నూనె ఇక్కడ దొరుకుతుంది, తేనక్కర్లేదు.

మీ మరదలు హిమబిందు

చదివాక ఈ ఉత్తరాన్ని బట్టీలో వేసి కాల్చేయండి వదినా. మన ఇద్దరి పేర్లూ ఎవరివి వాళ్లకి ఉన్నది ఇందులోనే.